పాత మరపడవలో నీటిజాడ



కొండ క్రింద కాపురమున్నవాడు ఓడ ముచ్చట చెప్పబూనుట మీకు వింతగా తోచవచ్చును. మాది పాచిపెంట. సాలూరునకు దాపున, తూర్పుకనుమల పాదమున నున్న ఊరు. మా కొండలలో పుట్టిన వేగవతి నాగావళిలో కలియుననియు, ఆ నాగావళి శ్రీకాకుళము దాటి కళ్ళేపల్లియొద్ద సముద్రము చేరుననియు ముప్పదియైదేండ్లు పిల్లలకు పాఠము చెప్పితిని గాని, నేను నావ యెక్కిన దినములు వ్రేళ్ళమీద లెక్కింపదగినవి.

అయినను మా కొండకును కడలికిని ఒక పాత చుట్టరికము కలదు. అది గుగ్గిలము. ఉత్తరాంధ్రపు కొండలలో గుగ్గిలపు చెట్లు ఉన్నవి. సంస్కృతమున సాలవృక్షమన్నది అదియే. దాని మ్రానినుండి కారి గడ్డకట్టిన జిగురును కొండదొరలు, జాతాపులు ఏరి సంతకు తెత్తురు. మనము దానిని నిప్పులమీద వేసి దేవునికి ధూపము పట్టుదుము. పడవవాండ్రు దానినే నూనెతో కాచి పలకల సందులు పూడ్తురు. మా కొండ చెట్టు కార్చిన కన్నీరు ఎక్కడనో సముద్రముమీద పడవలోనికి నీరు రాకుండ కావలి కాచుచున్నదన్నమాట. ఇది మొదట నేనెఱుగను. ఇప్పుడు చెప్పబోవు సంగతి జరిగినపుడు ఎఱిగితిని.

నేటి నా ప్రసంగము ఒక పాత మరపడవలో నీరు ఎచ్చటనుండి వచ్చుచున్నదో వెదకిన కథ. వెదకినవారిలో నేనొకడను. తప్పుదారిని అందఱికన్న దూరము నడచినవాడను కూడ నేనే.

మా అక్కగారి కుమారుడు కాకినాడలో నున్నాడు. అతడు ఒక పాత విహారనౌకను కొనెను. ఎవరో కలిగినవారు తమ షికారునకై కట్టించుకొన్న టేకుపలకల మరపడవ. ముప్పదియాఱడుగుల పొడవు, ముందు ఒక చిన్న గది, నడుమ కూర్చుండు బల్లలు, వెనుక ఇంజను. చేతులు మారి మారి, రంగుమీద రంగు పూయించుకొని, తుదకు మావానియొద్దకు చేరెను. సెలవుదినములలో ఇరువదిమందిని ఎక్కించుకొని కోరంగి మడ అడవుల చెంతకును, కాకినాడ రేవునకు తూర్పుగోడవలె నిలిచిన హోప్ దీవికిని త్రిప్పి తెచ్చుట అతని జీవనము. ఆ పడవ మీదనే అప్పును తెచ్చినాడు, ఆ పడవతోనే తీర్పవలెను.

దానిమీద పనికి ఒక నమ్మకమైన పిల్లవాడు కావలెనని అతడడుగగా నేనే ఒకనిని పంపితిని. మా ఊరికి పైన కొండమీది పల్లెవాడు, కొండదొరల బిడ్డ, నాయొద్ద చదువుకొన్నవాడు. మాట తక్కువ, పని ఎక్కువ. పడవ కడుగుట, తాళ్ళు కట్టుట, త్రాగునీటి తొట్టి నింపుట, అడుగున చేరిన నీటిని చేతిపంపుతో తోడిపోయుట వాని పనులు. పడవ నేలబల్లల క్రింద, అన్నిటికన్న లోతైన చోట, కొంచెము నీరు దిగి నిలుచు పల్లమొకటి యుండును. దానిని నేనీ ప్రసంగములో అడుగుపల్లమందును. ఎంత మంచి కొయ్యపడవయైనను ఆ పల్లము పూర్తిగా ఎండియుండదు. అందు నీరుండుట తప్పు కాదు, పెరుగుట తప్పు.

మూడేండ్ల క్రిందట భాద్రపదమాసములో మా మేనల్లుడు టెలిఫోనులో ఇట్లనెను: “మామయ్యా, మీరు పంపిన కుర్రాడు నా పడవ ముంచేలా ఉన్నాడు. మీరే వచ్చి తీసుకుపోండి.”

జరిగినదేమనగా, ఆ ఆదివారము హోప్ దీవినుండి మరలివచ్చుచుండగా నేలబల్లల సందులలో నీరు తళతళలాడెను. మఱి కొంతసేపటికి ఆ నీరు ఇంజను చక్రమునకు తగిలి నలువైపుల చిమ్మెను. ఆడువారు పిల్లలను ఒడిలోనికి లాగుకొనిరి. కుఱ్ఱవాడు పంపు కొట్టుచునే యుండెను. ఎట్లో ఒడ్డు చేరిరి. ఎవరికిని ఏమియు కాలేదు గాని, ఇచ్చిన డబ్బు తిరిగి పుచ్చుకొని పోయినవారు ఊరకుండరు కదా. అంతకుముందు రెండు ఆదివారములును ఇట్లే నీరు చేరెనట. నడుమ దినములలో, జనము ఎక్కనపుడు, చేరలేదట. నీరు కనబడినది త్రాగునీటి తొట్టికి సరిగా క్రిందుగా. త్రాగి చూడగా ఉప్పన లేదట, తియ్యగా నున్నదట. “తొట్టి కొళాయి కట్టకుండా వదిలేస్తున్నాడు. ఇంకేముంది?” అని మావాడు తేల్చివేసెను.

నేను సాలూరు బస్సులో విజయనగరము దిగి, రైలెక్కి కాకినాడ చేరితిని. పిల్లవాడు రేవుమీద నిలుచుండెను. నన్ను చూచి తలవంచెను.

ఇక నా వివేకమును వినుడు. విజయనగరములో కుఱ్ఱతనమున అన్నంభట్టు తర్కసంగ్రహము చదివినవాడను. కార్యము ఉన్నచో కారణము ఉండవలెను. కారణముగా చెప్పబడినది ఉన్నపుడెల్ల కార్యమును, లేనపుడెల్ల కార్యాభావమును చూపవలెను. అన్వయము, వ్యతిరేకము. నేను లెక్క కట్టితిని. జనము ఎక్కినపుడు కొళాయి త్రిప్పుదురు, నీరు చేరినది. జనము లేనపుడు కొళాయి త్రిప్పరు, నీరు చేరలేదు. రెండును కుదిరినవి. నీరు తియ్యనిది, చుట్టునున్నది ఉప్పునీరు, కాబట్టి తొట్టినీరే. మేనల్లుని తీర్పునకు నేను శాస్త్రముద్ర వేసితిని. పిల్లవానిని పిలిచి, “నిన్ను నమ్మి పంపినందులకు నాకు తగిన శాస్తి చేసితివి” అంటిని.

వాడు, “నాను కట్టీసినాను మేష్టారూ. కట్టకుండ ఎప్పుడూ దిగనేదు. తొట్టిలో నాను పొద్దున్న రెండు బిందెలే పోస్తన్నాను” అనెను.

ఆ రెండవ మాట నేను వినలేదు. చెవిని పడినది గాని వినలేదు. సంజాయిషీలు వినివిని చెవులు మొద్దుబాఱిన బడిపంతులు ఎట్లు వినునో అట్లు వింటిని.

ఆ సాయంకాలము మేనల్లుడు ఒక ముసలి మేస్త్రిని పిలిపించెను. పడవను అమ్మివేయుటకు వెలకట్టించుటయే అతని తలంపు. మేస్త్రి తాళ్ళరేవు వాడు. ఆ దాపుననే యున్న కోరంగి పేరు ఇప్పుడు మడ అడవులవలన వినబడుచున్నది గాని, పందొమ్మిదవ శతాబ్దపు తొలిభాగమున అది ఓడలు కట్టుటకును, మరమ్మతు చేయుటకును పేరుపొందిన రేవు. 1789 డిసెంబరులో ఒకసారి, 1839 నవంబరులో మరియొకసారి తుపానుటుప్పెన దానిని ముంచివేసినది. రేవు ఇసుక మేటలు వేసి పూడినది, వర్తకము కాకినాడకు తరలినది. బర్మాకు వలసపోయిన తెలుగువారినందఱిని అక్కడివారు కోరంగీలని పిలిచెడివారన్న, ఆ రేవు ఎంతటిదో ఊహింపుడు. రేవు పోయినను చేతిపని పోలేదు. తాళ్ళరేవు ప్రాంతమున కొయ్యనావలు కట్టువారు నేటికిని ఉన్నారు.

మేస్త్రి వెల మాట ఎత్తలేదు. నేలబల్లలు తీయించి, క్రిందికి దిగి, నీరు వేలితో ముట్టి, “ఎన్ని బకెట్లు తోడారు?” అని అడిగెను. ఆదివారము పండ్రెండు బకెట్లని కుఱ్ఱవాడు చెప్పెను. పదునైదు లీటర్ల బకెట్టు. నూటయెనుబది లీటర్లు. “తొట్టి ఎంత పడుద్ది?” రెండు వందల లీటర్లు. “సాయంత్రం తొట్టిలో ఎంత మిగిలింది?” ఇది మాలో ఎవ్వరును అడుగని ప్రశ్న. కుఱ్ఱవాడు మరల అదే మాట చెప్పెను: ప్రొద్దున నింపుటకు రెండు బిందెలు చాలుచున్నవి. రెండు బిందెలనగా ముప్పది లీటర్లు మించదు. జనము త్రాగినది, చేతులు కడిగినది అందులోనే పోవును. తొట్టినుండి కాఱనే కాఱని నూటయేబది లీటర్లను నేను తర్కబలముతో కార్పించితిని. మా బడిలోని లెక్కలమాస్టరు ఆ చోట నుండినయెడల నన్ను బల్లయెక్కించి యుండును.

మఱి తియ్యదనమునకు సమాధానమేమి? దీనికి మేస్త్రి నవ్వెను. కోరంగి పాయ గౌతమీగోదావరి శాఖ. ఆషాఢము మొదలు ఆశ్వయుజము వఱకు గోదావరి వఱద దిగుచుండగా పాయలలో ఉప్పునీరు వెనుకకు త్రోయబడి మంచినీరు నిండును. వేసవిలో నీటిని రుచిచూచి తొట్టినీరో పాయనీరో చెప్పవచ్చును, భాద్రపదమున చెప్పజాలము. ఏ నాసికాత్ర్యంబకముననో పుట్టిన నీరు ఆ పడవలోనికి వచ్చి కూర్చుండి, తాను తొట్టినీరని బొంకెను.

ఇంతలో కుఱ్ఱవాడు ఒక పని చేసెను. ఎవరును చెప్పలేదు. ఒక గాజుసీసాలో అడుగుపల్లపు నీటిని, మరియొక సీసాలో తొట్టినీటిని పట్టి రాత్రి నేలమీద కదలకుండ పెట్టెను. తెల్లవారిన పిమ్మట చూడగా తొట్టి సీసా తేటగా నున్నది. రెండవదాని అడుగున వ్రేలి మందమున ఎఱ్ఱని ఒండు పేరినది. “మా గెడ్డకి వరదొస్తే నీరు ఇలగే ఉంటాది మేష్టారూ” అని రెండు సీసాలను నా ముందుంచెను. పడవ అడుగు మురికియే ఆ ఒండు కావచ్చునని మావాడు ఆక్షేపించగా, మేస్త్రి అడుగును కడిగించి, తొట్టిలో బట్టలకు పెట్టు నీలిమందు కలిపించి, కొళాయిని బుద్ధిపూర్వకముగా తెఱచి ఉంచెను. కారిన నీలినీరంతయు మూతి క్రిందనున్న గొట్టముగుండ బయట పాయలో పడెను. ఒక్క చుక్కయు అడుగుపల్లమున చేరలేదు. కొళాయి తెఱచియుండినను పడవలోనికి నీరు రాదు! ఆ గొట్టము సంగతి యజమానికిని తెలియదు.

తొట్టి నిర్దోషియని తేలినది. కాని దొంగ దొరకలేదు. ఈ చోట ఒక్క మాట చెప్పి ముందుకు పోయెదను.

నీటికి ఎంత చిన్న త్రోవ చాలునో మనకు ఊహకందదు. నీటిమట్టమునకు ఒక మీటరు క్రిందుగా చదరపు సెంటిమీటరంత, అనగా చిటికెనవ్రేలి గోరంత, రంధ్రమున్నచో గంటకు తొమ్మిది వందల లీటర్లకు పైగా లోనికి వచ్చును. ఆ వేగమునకు సూత్రమును ఇటలీ పండితుడు టారిసెల్లి 1644లో ప్రకటించెను. లోతు నాలుగింతలైన వేగము రెండింతలగును. 1912లో టైటానిక్ మునిగిన తరువాత జరిగిన విచారణలో, ఆ ఓడను కట్టిన సంస్థలోని ఎడ్వర్డ్ వైల్డింగ్ అను శిల్పి, నీరు నిండిన వేగమునుబట్టి లెక్కకట్టి, మంచుకొండ చేసిన గండ్లన్నియు కలిపి పండ్రెండు చదరపుటడుగుల పాటివని చెప్పెను. మనము పండుకొను చాప అంతకన్న పెద్దది. అంత ఓడకు అంత చాలెను.

రంధ్రము వెదకుటలో మేస్త్రి పద్ధతి నాకు తర్కపాఠము క్రొత్తగా చెప్పినట్లుండెను. “నీరు కనపడ్డ చోట కన్నం ఉండదండి పంతులుగారూ. నీరు దొంగండి. ఓ ఇంట దూరి ఓ ఇంట తేలుద్ది” అనెను. కుఱ్ఱవాడు దానికి తల యూచెను. వాని పల్లెకు కొండ ఊటనీటిని గొట్టముతో పల్లమునకు దింపుకొందురు. క్రింద కొళాయి ఎండినపుడు కొళాయిని చూచుచు కూర్చుండరు, గొట్టము పట్టుకొని పైకి నడతురు.

మొదట పడవను రేవుననే కట్టి, అడుగుపల్లమును గుడ్డతో తుడిచి ఆరబెట్టి, రాత్రియంతయు ఉంచిరి. తెల్లవారునప్పటికి చెంబెడు నీరైనను లేదు. కాబట్టి నీటిగీతకు క్రింద, ఎల్లప్పుడు మునిగియుండు చోట, పెద్ద దోషము లేదు. ఆ పిమ్మట పడవపైకప్పుమీద బకెట్లతో నీరు గుమ్మరించిరి. లోనికి దిగలేదు. వాననీరును కాదు.

అటుపిమ్మట వట్టిపడవను గంటసేపు నడిపిరి. ఇంజనునుండి బయటి తెడ్డుచక్రమునకు పోవు కడ్డీ పడవను చీల్చుకొని పోవుచోట కొవ్వుపట్టించిన నారత్రాడు చుట్టి బిగింతురు. పాతపడవలలో నీరు కాఱినచో అందఱును ముందు అనుమానించునది ఆ చోటునే. మేస్త్రి దీపము పట్టి చుక్కలు లెక్కించెను. నిమిషమునకు ఆఱేడు. అది దోషము కాదట. ఆ చుక్కలే కడ్డీకి చల్లదనము. ఒక్క చుక్కయు రాకుండ బిగించిన తెలివితక్కువవాడు మఱుసటి నెలలో అరిగిన కడ్డీకి వెల చెల్లించును. ఇంజనును చల్లార్చుటకు పాయనీటిని లాగు రబ్బరు గొట్టములును చూచిరి. ఎచ్చటను చెమ్మ లేదు. వట్టిపడవ నడచినను నీరు చేరలేదు.

ఇక మిగిలినది జనముతో నడచుట. ఒక్కొక్కటి తీసివేయగా మిగిలినదానిని పట్టుకొనుటకు మా శాస్త్రములో పరిశేషానుమానమని పేరు. మనుష్యులను ఎక్కించుటకు మేస్త్రి ఒప్పుకొనలేదు. ఇరువదినాలుగు ఇసుకబస్తాలు తెప్పించి బల్లలమీద కూర్చుండబెట్టెను. ఇక్కడ నేనును కొంచెము పనికివచ్చితిని. నా సంచిలో సుద్దముక్కల పెట్టె లేని దినము లేదు. వానిని నూఱి పొడిచేసి, లోపల పడవ పొడవునా పక్కటెముకలమీదుగా సాగు రెండు ప్రక్కదూలములపైనను, అడుగుపల్లము అంచులపైనను చల్లితిమి. నీరు నడచినచోట పొడి కరగి గీత పడును. ఆ పొడి చల్లుచున్నంతసేపు కుఱ్ఱవాడు నాతో మాటాడలేదు. నేనును మాటాడుటకు నోరు రాక పొడిని అవసరమునకు మించి చల్లితిని.

బస్తాలతో పడవ నాలుగంగుళములు దిగెను. పూర్తి వేగమున నడపగా ముందు నీరు చీలి రెండు ప్రక్కల గుట్టవలె లేచెను. ముప్పావుగంట నడపి ఆపి చూడగా అడుగుపల్లమున మూడు నాలుగు బకెట్ల నీరు నిలిచియుండెను. ఎడమ దూలముమీద సుద్ద సుద్దగానే యున్నది. కుడి దూలముమీద ముందుగదినుండి తొట్టిచోటి వఱకు ఒక సన్నని తడిబాట. పడవ నడచునపుడు వెనుకభాగము కొంచెము క్రుంగును. కాబట్టి ముందు దూరిన నీరు దూలము పట్టుకొని వెనుకకు జాఱి, ఆ దూలమునకు అతుకున్నచోట క్రిందికి రాలుచున్నది. ఆ అతుకు సరిగా త్రాగునీటి తొట్టి క్రింద నున్నది. అంతే సంబంధము. కుండ పుట్టుటకు కుమ్మరి గాడిద ఎంత కారణమో, మా నీటికి ఆ కొళాయి అంత కారణము. దానిని అన్యథాసిద్ధమని పిల్లలకు గాడిద ఉదాహరణముతో చెప్పుదురు. ఆ గాడిదను నేను చదివియుంటిని గాని, ఎదుట నిలిచినపుడు పోల్చుకొనలేదు.

తడిబాట పట్టుకొని కుఱ్ఱవాడు దీపముతో ముందుగదిలోనికి పాకెను. అక్కడ గోడకు సొగసునకై సన్నని చెక్కలు తాపడము చేసియున్నారు. మేనల్లుడు వానిని ఊడదీయుటకు గింజుకొనెను. అవి ఆ పడవకు మిగిలిన ఒకే అందము. మేస్త్రి నాలుగు చెక్కలు మాత్రము విఱుగకుండ తీసెను. వెనుక చీకటిలో పలక నల్లబడి, వ్రేలు పెట్టిన మెత్తగా నుండెను. బయట నీటిగీతకు జానెడు ఎత్తున నున్న చోటది. పడవ నిలిచియున్నపుడు గాలిలో నుండును, వట్టిగా నడచినపుడు అల దానిని అందదు, బరువుతో వేగముగ నడచినపుడు మాత్రము అల దానిపై కెక్కును.

మఱునాటి పోటుమీద పడవను గట్టునకు తెచ్చి, దుంగలమీద నిలిపిరి. పాటు తీయగా అడుగు బయటపడెను. మేస్త్రి లోపలినుండి ఆ పలకమీద నీరు పోయించి, తాను బయట చూచుచుండెను. నీరు ఎట్లు లోనికి రాగలదో అట్లే బయటికి పోగలదు కదా! రంగుపొరల నడుమ ఒక చెమట బొట్టు పుట్టెను, తరువాత ధార కట్టెను. అక్కడ గీకగా లక్కవంటి మక్కు, దాని వెనుక త్రుప్పుముద్ద. ఏనాటి దానినో ఒక ఇనుపమేకు అది. ఎవరో పూర్వము ఆ ప్రక్కన ఒక కొక్కెము బిగించి, తీసివేసి, మేకును కోసి, మక్కు పెట్టి, రంగు పూసి చేతులు దులుపుకొనిరి. మేకు కరగిపోయి పెన్సిలంత రంధ్రము మిగిలెను. దాని ప్రక్కనే పలకల సందు ఎండకు ఎండి విచ్చియుండెను.

ఇనుమునకును ఉప్పుతడి కొయ్యకును పొసగదు. రాగికి చేరువనున్నచో మఱియు చెడును. 1761లో ఇంగ్లీషువారు అలారం అను యుద్ధనౌకకు అడుగున రాగిరేకు తాపిరి. రెండేండ్లకు చూడగా రాగి బాగున్నది గాని, దానిని పట్టియుంచిన ఇనుపమేకులు తినివేయబడినవి. రాగికిని ఇనుమునకును నడుమ అట్టకాగితము మిగిలినచోట మాత్రము ఇనుము చెడలేదట. భోజరాజు పేర నున్న యుక్తికల్పతరువు సముద్రమున పోవు నావను ఇనుముతో బంధింపరాదని విధించినది. కారణము మాత్రము సముద్రములో అయస్కాంతము లున్నవనియు, అవి లాగివేయుననియు చెప్పినది. కారణము నమ్మదగినది కాదు. విధి చెడ్డది కాదు. ఈ తీరమున ఒకప్పుడు అలలపై తిరిగిన మసూలా పడవలకు మేకే లేదు. పలకలను కొబ్బరిపీచు త్రాళ్ళతో కుట్టెడివారు. చదివిన విధిని పడవ ప్రక్కన నిలిచి త్రుప్పుముద్దను చేత పట్టుకొని తలచుకొనుట నా భాగ్యమని చెప్పవలెను.

మరమ్మతు రెండు దినములు పట్టెను. మేస్త్రి మెత్తబడిన పలకను గట్టికొయ్య తగులునంతవఱకు చెక్కివేసి, అదే జాతి టేకుముక్కను దానికి సరిగా అమర్చి, ఇనుము మాని రాగిమేకులు వేసెను. పాతరంధ్రమున ఎండిన కొయ్యబిరడాను దిగగొట్టెను. ఎండిన బిరడా నీరు తగులగా ఉబ్బి తనంత తానే బిగియును. విచ్చిన సందును మొనదేఱిన ఉలితో శుభ్రపఱచి, దూదిని పురిపెట్టి, మొద్దుటులితో కొట్టి కొట్టి నింపెను.

నేను ఉత్సాహముతో, “ఇంకను గట్టిగా కొట్టరాదా?” అంటిని.

“వద్దండి. ఇప్పుడు పలక ఎండుంది. రేపు నీళ్ళలో ఉబ్బుద్ది. ఎక్కువ కుక్కితే ఎముకలు విరుగుతాయండి” అని అతడు చేయి ఆపెను. సందు పూడ్చుటలో మిగులు చోటు విడుచుటయు ఒక పాలు.

ఆపైన గుగ్గిలము. ఇనుపమూకుడులో బజారు గుగ్గిలమును నూనెతో సన్నమంటమీద కాచుచుండగా ఆ పొగ నా ముక్కునకు తగిలెను. శివాలయము వాసన. కుఱ్ఱవాడు తలయెత్తి, “ఇది మా కొండది మేష్టారూ!” అనెను. ఆ చెట్టు ఏకొండదో చెప్పలేము గాని, వాని ముఖము ఆ నాలుగు దినములలో మొదటిసారి విప్పారెను.

నేనప్పుడు చెప్పవలసిన మాట చెప్పితిని. మేస్త్రి ఎదుట, మేనల్లుని ఎదుట, “తప్పు నాది. నీవు రెండు బిందెలని చెప్పినపుడు నేను వినవలసినది” అంటిని. బడిలో ముప్పదియైదేండ్లు ఒక పిల్లవానితోను అనని మాట. అనవలసిన సందర్భములు రాలేదని కాదు. వాడు సిగ్గుపడి మూకుడువైపు తిరిగి, “పర్నేదు మేష్టారూ. పొంగిపోతంది సూడండి” అనెను. నిజముగనే గుగ్గిలము పొంగుచుండెను.

పడవను నీటిలో దింపి, మూడు దినములు కొయ్య ఉబ్బనిచ్చి, ఇసుకబస్తాలతో మరల నడిపిరి. కుడి దూలముమీద సుద్ద చెక్కుచెదరలేదు. మేనల్లుడు ఆపియుంచిన జీతమును ఇచ్చి, ఆ నెలనుండి కొంత పెంచెను. తీసిన నాలుగు చెక్కలను మాత్రము మేస్త్రి మేకులతో కొట్టనీయలేదు, మరచీలలతో బిగించెను. ఎప్పుడు కావలసిన అప్పుడు విప్పి వెనుక చూడవలెనట. ప్రతి ఆదివారము సాయంకాలము తోడిన బకెట్ల లెక్కను, తొట్టిలో పోసిన బిందెల లెక్కను కుఱ్ఱవాడు ఒక నోటుపుస్తకములో వ్రాయుచున్నాడు. దస్తూరి నేను నేర్పినదే, కొంచెము వంకర.

ఆ యేటి దసరాసెలవులకు వాడు పల్లెకు వచ్చి, తిరిగి పోవునపుడు మా ఇంటి ముందు ఆగెను. చేతిలో గుడ్డమూట. వాని తల్లి కొండమీద ఏరిన గుగ్గిలము, మేస్త్రికి. తరువాత మేనల్లుడు చెప్పగా వింటిని. మేస్త్రి ఒక పెల్లను విఱిచి, వెలుతురునకెత్తి చూచి, “సరుకు మంచిదే గాని బెరడు ఎక్కువుందిరా. వడకట్టాలి” అని, అప్పటికప్పుడే మూకుడు పొయ్యిమీద పెట్టించెనట.